ఉమాకాంత్ రిపోర్టు

"అయిపోయిందా?" కళ్లు గట్టిగా మూసుకునే అడిగాడు ఉమాకాంత్.

"అయిపోయింది. ఇగ కళ్లు తెరువుండ్రి," అంది కమల, అతని మోచేతి మడతలో దూది అదిమి పట్టి.

నారాయణగూడలోని ఒక ల్యాబ్‌లో రక్తం తీయడం ఆమె ఉద్యోగం. ఎంతమంది చేతులకు సూది గుచ్చిందో లెక్కలేదు. ఇంట్లో భర్త చేతికి గుచ్చేటప్పుడు మాత్రం ఇప్పటికీ నరాన్ని రెండు మూడుసార్లు తడిమి చూసుకుంటుంది.

పోయిన ఏడాది చివర్లో ఉమాకాంత్ కాలేయంలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. కుట్లు విప్పిన రోజు డాక్టర్ ఇంద్రసేన ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

"గడ్డ పోయింది. మళ్లీ వస్తుందా రాదా అన్నది స్కాన్ ఒక్కటే చెప్పదు, రక్తమూ చెబుతుంది. లోపల మంట, వాపు ఎంతుందో సీఆర్పీలో తెలుస్తుంది. ఒంటికి తిండి పడుతోందా లేదా అన్నది ఆల్బుమిన్‌లో తెలుస్తుంది. మొదటిది పెరిగి రెండోది పడిపోతే మంచిది కాదు. నెలనెలా చూసుకోండి."

మొదటి నెల రిపోర్టు సరిగ్గా అట్లాగే వచ్చింది.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పిల్లలకు లెక్కలు చెప్పే మనిషికి అంకెలు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఉమాకాంత్ ఆ కాగితం దిండు కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తెస్తే కంచం తోసేశాడు.

"ఇగ తిని ఏం జేస్తనే? లెక్క తేలిపాయె గద."

కమల కంచం తీసుకెళ్లి వంటింట్లో మూతపెట్టింది. క్యాన్సర్ కంటే ముందు ఈ కాగితమే ఆయన్ని చంపేసేటట్టుంది అనిపించింది.

రెండో నెల రిపోర్టు బాగా వచ్చింది. ఉమాకాంత్ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని మళ్లీ మళ్లీ చదివాడు. ఆ మధ్యాహ్నం పప్పు అడిగి మరీ మారు వడ్డించుకున్నాడు. ఆ తర్వాతి రిపోర్టు ఇంకా బాగుంది. సాయంత్రాలు చిక్కడపల్లి లైబ్రరీ దాకా నడిచి రావడం మొదలుపెట్టాడు. మెల్లగా క్లాసులకూ వెళ్లాడు. బుగ్గలు నిండాయి.

చిక్కిపోయింది కమలే. ఇల్లు, ల్యాబ్, పథ్యం వంట. జాకెట్లు వదులయ్యాయి. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది.

"నన్ను జూసుకుంట నువ్వు పాడైతున్నవ్. జర తిను," అని ఉమాకాంత్ తన గుడ్డు ఆమె కంచంలో వేసేవాడు. ఆమె నవ్వి, ముద్ద కెలికి లేచిపోయేది.

ఈ నెల కూడా శాంపిల్ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. ల్యాబ్‌లో మిషన్ల దగ్గర పనిచేసే మహితకు, భర్త పేరు రాసిన ట్యూబులు అందించింది.

మధ్యాహ్నం మహితే వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో రిపోర్టు కాగితం ఉంది.

"అక్కా, జర కూసో. సార్ రిపోర్ట్ మంచిగ లేదు."

కమల కూర్చోలేదు.

"తప్పొచ్చిందేమో అని మళ్ల పెట్టి చూసిన. గట్లనే వచ్చింది. సీఆర్పీ మస్తు పెరిగింది, ఆల్బుమిన్ పడిపోయింది. లేట్ చెయ్యకక్కా, రేపే స్కాన్ తీపియ్యి."

కాగితం మీది అంకెలు అలుక్కుపోయాయి. అంతలో ఫోన్ మోగింది. ఉమాకాంత్. వెనకాల క్లాసు పిల్లల గోల.

"ఏమొచ్చింది కమలా?"

"మంచిగుంది," అంది. "మీకేం గాలే."

"చెప్పలేదా? నేను గట్టోణ్ణి!" అని నవ్వాడు అతను. "రాత్రికి వంకాయ వండు."

ఫోన్ పెట్టేశాక మహిత ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"సార్‌కు ఎన్ని దినాలు దాస్తవక్కా?"

కమల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

రెండో నెల నుంచి ప్రతిసారీ ఆమె, భర్త రక్తాన్ని సింకులో పారబోసి, ఆయన పేరు రాసిన ట్యూబుల్లో తన రక్తాన్నే నింపి ఇస్తోంది.