పొట్టి రంపం

"రెండిట్లో నీకేది కావాల్నో తీసుకో, కాశమామా. రంపం నాది, చెయ్యి నీది!"

ఓబులయ్య గోనెపట్టా మీద రెండు కోత రంపాలు పరిచాడు. ఒకటి ఏడడుగులది, ఇంకొకటి అయిదడుగులది.

కాశయ్య గొంతుక్కూర్చుని రెండింటినీ తడిమాడు. బొటనవేలితో పళ్ల పదును చూశాడు. గోటితో కొట్టి మోత విన్నాడు. మార్కాపురంలోని ఆ కొయ్య అడితిలో ఉన్న పదిమందీ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మరి యర్రగొండపాలెం కాశయ్యంటే మాటలా! ఆయన మొద్దు మీద నిలబడి రంపం నడిపితే పలక అద్దంలా వచ్చేదని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి.

కాశయ్య పొట్టి రంపాన్ని ఎత్తి పక్కనున్న పెళ్లాం అంకాలమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని ఒకసారి పైకెత్తి దించింది.

"ఇది చాల్లే," అన్నాడు కాశయ్య.

"మోత పెళ్లానికి, పేరు మొగుడికి!" అన్నారెవరో. అందరూ పకపకా నవ్వారు. నవ్వరూ మరి? ఆమె తల మొగుడి భుజానికి కూడా అందదు.

ఓబులయ్యకు మాత్రం నవ్వు రాలేదు. కొత్త ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేళ్లయింది. మార్కాపురంలో బడి కడుతున్నారు. తలుపులకూ బల్లలకూ కొయ్య ఇస్తానని ఒప్పుకున్నాడు. రెండున్నర అడుగుల మందాన మద్ది మొద్దు అడితిలో పడి ఉంది.

"ఏంది మామా ఇది! తాటిచెట్టంత మనిషివి, నీకు పొట్టి రంపమా? దీంతో జానెడు జానెడు గీక్కుంటా కూచుంటే దసరా దాటిపోతాది. చెయ్యి సన్నగిల్లిందా ఏంది?"

కాశయ్య చెవులు కాలిపోయాయి. తల దించుకున్నాడు.

"నా చేతికి ఇదే కుదురుతాది. మొద్దును మా వంక కాడికి తోలించు, మా గుంటలో కోసిస్తాం."

రెండేళ్లుగా ఆయన మార్కాపురం మొహం చూడలేదు. ఏ కోతైనా తన ఊరి వంక పక్కన, సొంత గుంటలోనే. అక్కడికి నరపురుగును కూడా రానివ్వడు. దిష్టి తగులుతుందంటాడు. పెద్ద పనివాడి పొగరులే అని జనం సరిపెట్టుకున్నారు.

"కుదరదు మామా. ఫారెస్టోళ్లు పర్మిట్ ఈ అడితికే రాసినారు. మొద్దు గేటు దాటితే నన్ను లోపలేస్తారు. ఈడనే గుంట తవ్వించినా, ఈడనే కోయాల. కాదంటే చెప్పు. గిద్దలూరు కోతోళ్లు రేపే వస్తామంటాండారు."

కాశయ్య అంకాలమ్మ వైపు తిరిగాడు. ఇక్కడా? నడిబజార్లో, ఇంతమంది ముందరా?

కోతపని తెలియనివాళ్లకు ఒక మాట. మొద్దును గుంట మీద పడుకోబెడతారు. ఒకరు దానిమీద నిలబడి, మసిదారంతో కొట్టిన గీత తప్పకుండా రంపం నడపాలి. ఇంకొకరు గుంటలో నిలబడి, నెత్తిన పొట్టు రాలుతుంటే కళ్లు మూసుకుని కిందికి లాగాలి. పైనుండేది మేస్త్రీ, కిందుండేది కూలి. మర్యాదంతా పైవాడిదే.

"గుంటలో దిగే మనిషి యాడ? వెంట తెచ్చుకోలా?" అడిగాడు ఓబులయ్య.

"ఆ సంగతి మేం చూసుకుంటాం."

అన్నాడే గానీ, కాశయ్య పెళ్లాం చెవిలో గొణిగాడు. "వద్దే, పోదాం పా. ఈడ నా పరువు బజార్న పడతాది."

"పోయి ఏం తిందాం, మన్నా?" అంది అంకాలమ్మ. "పిల్లోళ్లు మూడు దినాల్నించి గంజి తాగుతాండారు. సిగ్గు నీకొక్కనికేనా? నాకు లేదా?"

వానలు మొహం చాటేసిన ఏడు అది. ఈ పని దక్కితే ఎండాకాలం దాకా ఇంట్లో గింజలుంటాయి. గిద్దలూరు వాళ్లకు పోతే గంజి కూడా ఉండదు.

"ఈడనే కోస్తాం, అల్లుడా," అంది అంకాలమ్మ పైకి.

"ఓహో, మాటిచ్చేది కూడా అత్తేనా!" అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

ఆమె పొట్టి రంపం ముందు కొస పట్టుకుని గుంట వైపు నడిచింది. కాశయ్య వెనక కొస పట్టుకుని, తల దించుకుని, ఆమె అడుగులో అడుగు వేశాడు.

"పెళ్లాం వెనక నడిచే మొగుణ్ని ఇప్పుడే చూసినా!" టీ కొట్టు మల్లయ్య కేకేశాడు.

ఆ కేకకు బజారంతా కదిలివచ్చింది. కాశయ్య కోతంటే తేరగా దొరికిన వేడుక! పిల్లలు గోడలెక్కారు. ఓబులయ్యకూ హుషారు పుట్టింది. తన భుజం మీది తువ్వాలుతో మొద్దు తుడిచాడు.

"గీతలు మావోళ్లు కొట్టినారు. సరిగ్గుండాయా మామా?"

"బాగుండాయి," అన్నాడు కాశయ్య.

అంకాలమ్మ మొద్దు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మొగుడి పక్కన నిలబడింది.

"ఇంకేంది ఆలస్యం? ఎక్కు మామా, ఎక్కు!" అన్నాడు ఓబులయ్య. జనం ఈలలు వేశారు.

రెండేళ్లుగా ఏ గీతా కనబడని కళ్లకు తలగుడ్డ చుట్టుకుని కాశయ్య తడుముకుంటూ కూలి గుంటలోకి దిగాడు, అంకాలమ్మ చీర గోచి దోపి మొద్దెక్కి, మొగుడి నడినెత్తికి సరిగ్గా పైన పాదాలు ఆనించి రంపం అందుకుంది.