ఒక్కటే రంగు

"చీరల యాప్‌కు ఈ రెండు రంగుల్ల ఏది మంచిగున్నది సేట్?" యాప్ డిజైన్ చేస్తున్న నవనీత ఫోను చూపింది.

గోడాదరా బస్తీలో మగ్గాల యజమాని రాజేశం కళ్లజోడు సవరించుకున్నాడు. "ఒక్కటే రంగు రెండుసార్లు చూపిస్తున్నవేంది బిడ్డా?"

ఒక తెర మెరూన్, ఇంకోటి ముదురు ఆకుపచ్చ.

నవనీత చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్ల కింద ఆకుపచ్చ అంచు అడిగితే మెరూన్ వచ్చిందని వ్యాపారి చీరలు తిప్పి పంపాడు. ఆ రోజు తన మగ్గం మీద వాటిని నేసిన ఆమె నాన్నను గుడ్డివాడని తిట్టి వెళ్లగొట్టింది ఈయనే. ఆ నూలు ఏరి ఇచ్చింది సేటేనని నాన్న ఎంత మొత్తుకున్నా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. తనూ నమ్మలేదు.

ఆమె రికార్డింగ్ నొక్కింది.

"గా మాట జర మళ్ల చెప్పుండ్రి సేట్. గుడ్డోడని మీరు ఎల్లగొట్టిన ఐలయ్యకు వినిపియ్యాలె. ఆయన మా నాయిన."