ఒక్క మెతుకు చాలంటారా?

"మీ వర్గం కుర్చీ నిండిపోయిందమ్మా," అన్నాడు ప్రెసిడెంటు, చేతనైనంత మెత్తగా. "డాక్టరుగారున్నారుగా."

టైలరమ్మ కదల్లేదు. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఆమె వెనక వార్డు ఆఫీసు మెట్ల నిండా వెనకవీధి జనం నిలబడి ఉన్నారు.

ప్రెసిడెంటుకి ఒళ్లు మండింది. ఆయన ఈ వార్డుకి కొత్త. ఉత్సాహం మాత్రం పాతదే. ఎక్కడా లేని కమిటీ వేసి చూపిస్తానని పంతం పట్టి, వార్డులో ఉన్న ఆరు వర్గాల నుంచీ ఏరి ఏరి ఒక్కొక్కరిని తెచ్చి ఈ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. 'అందరి వార్డు, అందరి కమిటీ' అని ఆరు నవ్వు మొహాలతో బయట బ్యానరు కూడా కట్టించాడు. అంతా కుదిరిందనుకునేసరికి పానకంలో పుడకలా ఈవిడ దిగింది.

"రోడ్డు వెడల్పు చేయడానికి మా కుట్టు షెడ్లు పడగొడతారట," అంది టైలరమ్మ. "ఈ కమిటీ చేసే మొదటి తీర్మానం అదేనట. షెడ్లు పోతే మా వీధి సగం పొయ్యిలు ఆరిపోతాయి. తీర్మానం రోజున మా వీధి మనిషి ఒకరు ఇక్కడ కూచుని, వద్దని చెప్పాలి. అంతే నేనడిగేది."

"డాక్టరుగారు చెబుతారు. మీవాళ్లేగా."

మెట్ల మీదున్నవాళ్లలో ఇస్త్రీ పని చేసే ముసలావిడ కిసుక్కున నవ్వింది. ఇందులో నవ్వడానికేముందో ప్రెసిడెంటుకి అంతుపట్టలేదు.

"మావాళ్లే, కాదన్నానా?" అంది టైలరమ్మ. "మా వీధిలో అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో ఆయన్నే అడగండి."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

"చూడమ్మా," ప్రెసిడెంటు నచ్చజెప్పబోయాడు. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. కుండంతా పిసుకుతామా?"

"మీరెప్పుడూ వండినట్టు లేరు. ఒకే కుండలో పైన ఉన్నది మల్లెపువ్వులా ఉంటుంది, అడుగున ఉన్నది మాడుతుంది. మీరు పైమెతుకు పట్టి చూసి వంట బ్రహ్మాండం అంటున్నారు."

మెట్ల మీద నవ్వులు గట్టిగానే వినిపించాయి. టైలరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఈ ఆరుగురూ ఆరు వర్గాలే. కానీ ఆరుగురివీ గేట్లున్న ఇళ్లే. ఆరుగురి పిల్లలూ ఎక్కేది ఒకే బడి బస్సు. ఒక తాను ముక్కలకే ఆరు రంగులు అద్ది, రకరకాల గుడ్డలని చూపిస్తే మాకు తెలీదా?"

"మీ వర్గం నుంచి ఒకాయన డాక్టరయ్యాడంటే మీరంతా గర్వపడాలి."

"గర్వం లేకేం. మా ఇళ్లల్లో ఒకరు పుస్తకం పట్టాలంటే ఇంకొకరు మిషను తొక్కాలి. పుస్తకం పట్టినాయనకి కుర్చీ వేశారు, సంతోషం. మిషను తొక్కినవాళ్లకీ ఒకటి వేయండి."

డాక్టరు లేచి నిలబడ్డాడు.

"ఆవిడ చెప్పింది నిజం," అన్నాడు. "నా కుర్చీ ఆవిడకివ్వండి."

ప్రెసిడెంటుకి ప్రాణం లేచివచ్చింది. ఆరు ఆరుగానే ఉంటుంది, బ్యానరు మీద ఒక్క మొహం మారిస్తే సరిపోతుంది.

"భేషుగ్గా ఉంది. రండమ్మా, కూర్చోండి."

"ఆయన కుర్చీ నాకొద్దు." ఈసారి ఆమె మెడలోని టేపు లాగి గుప్పిట్లో నలిపింది. కోపమో, ఇంకేదో ప్రెసిడెంటుకి తెలియలేదు. "ఆయన్ని లేపి నన్ను కూచోబెడితే మళ్లీ మీ మెతుకు లెక్కే. ఆయన ఆయనే, నేను నేనే. ఒకరికి బదులు ఒకరం కాము. నాకు వేరే కుర్చీ కావాలి. మా వీధి కుర్చీ."

"కుదరదంటే?"

"కుదిరేదాకా ఇక్కడే ఉంటాను."

మూలనున్న స్టూలు లాక్కొచ్చి బల్లకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. మెట్ల మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి గోడల వెంట నిలబడ్డారు. ఎవరూ కేక వేయలేదు. అరిచి ఉంటే ప్రెసిడెంటుకి తేలికగా ఉండేది.

"ఏడో కుర్చీకి నేను ఒప్పుకుంటున్నాను," అని డాక్టరు చెయ్యెత్తాడు. కాస్త తటపటాయించి మందుల షాపు ఓనరు ఎత్తాడు. తర్వాత హెడ్‌మాస్టరు. చూస్తుండగానే మిగతా చేతులూ లేచాయి. ఇక చేసేదేమీ లేక, వెనకవీధికి ఏడో కుర్చీ అని ప్రెసిడెంటు తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. షెడ్ల మాట ఆమె వచ్చి కూర్చున్నాకే తేలాలని డాక్టరు పట్టుబడితే, అదీ రాశాడు.

టైలరమ్మ లేచింది. డాక్టరు పక్కనుంచే నడిచి వెళ్లింది గానీ ఆయన వైపు చూడలేదు. ఆమె మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నలుగురిలో మిమ్మల్ని అలా కడిగేసిందే, మీకు కోపం రాలేదా?" అని అడిగాడు ప్రెసిడెంటు.

"అందులో అబద్ధమేముందండీ?"

"అదికాదు, ఇద్దరిదీ ఒకే వర్గమాయె. ఇంత తేడా ఏమిటని. అసలు ఆవిడ మీకు ముందే తెలుసా?"

డాక్టరు అప్పటిదాకా చేతిలోనే ఉన్న కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నాకంటే పావుగంట ముందు పుట్టింది."