నిండుకున్నాయి

ఇటు దగ్గరగా జరగండర్రా, చెబుతాను. ప్రతి వంటింటి గోడలోనూ బియ్యం పోసే మర కూర్చున్న రోజులవి. నాలుగు వరుసల పైథాన్ కోడ్ రాసిస్తేనే గింజ రాల్చేది. సూరమ్మ కోడలు చంద్రకళ రాసిన లూపు, అంటే తిరిగి తిరిగి నడిచే ఆజ్ఞ, ఇంతే: అడుగుతూ, నిండేదాకా పోస్తూ ఉండు.

ఓ పొద్దున మర అడిగింది, “బియ్యం ఉన్నాయా?”

“నిండుకున్నాయి,” అంది సూరమ్మ. అయిపోయాయని వాళ్ళింట ఎవరూ అనరు. మరకు అక్షరాలే గాని ఆచారం తెలియదు.

“నిండాయి. పొయ్యను,” అని మర మళ్ళీ అదే అడిగింది. ఎసరు ఇగిరిపోతోంది, మనవరాలు ఆకలికి ఏడుస్తోంది.

“లేవు అనండత్తయ్యా. నోటి ముత్యాలేం రాలవు.”

“లక్ష్మిని పొమ్మనడం మీ పుట్టింట నేర్పారేమో. నా నోట రాదు.”

“అయితే మీ పట్టుదలే వండి పెట్టండి పిల్లకి.”

చంద్రకళ విసురుగా లూపు మార్చేసింది: ఇక అడగకు, జవాబు ఎప్పుడూ “లేవు” అనే అనుకో.

బియ్యం డబ్బా పొర్లి గడప దాటాయి. మర మాత్రం వీధంతా వినేలా “ఈ ఇంట బియ్యం లేవు, లేవు” అంటూనే ఉంది. సూరమ్మ రోకలి అందుకుంది. మర నోరు మూతపడింది గాని, అత్తాకోడళ్ళ మాటలు మళ్ళీ కలవలేదు.

గుర్తుంచుకుని మీ పిల్లలకూ చెప్పండి. మరను ఇంట్లో పెట్టుకునే ముందు, నిండుకోవడమంటే ఏమిటో దానికి నేర్పమనండి.