రేకుల మీది రాళ్లు

చిలకలగూడ మీద ఆకాశం నల్లబడింది. గాలివాన భయంతో గల్లీలో అందరూ ఇంటి రేకుల మీద రాళ్లు పెడుతుంటే, మహమూదా ఒక్కతే ఉన్న రాళ్లు దించుతోంది.

తన ఇంటి కప్పు కోసం తెచ్చుకున్న రాయితోనే పక్కింటి దేవకృప పరుగెత్తుకొచ్చింది.

"పిచ్చి లేసిందా? రేకులు ఎగిరిపోతయి!"

"పోనీ టీచరమ్మా." మహమూదా రాళ్లను తలుపు వెనక పేరుస్తోంది. "నిజాం ఓడిన దినం నుంచి మా ఆయన జాడ లేదు. నిన్న వెనక గల్లీల మావోళ్ల తలుపులు పలగ్గొట్టిన్రు. రేకులు పోతే తడుస్తం. తలుపు పోతే?"

దేవకృప తన చేతిలోని రాయిని మహమూదా చేతిలో పెట్టింది.

"ఆ రాళ్లతోటి ఇది సుత రేకుల మీద పెట్టు. తలుపు కాడ నేను కూసుంట."

గాలి లేచింది. ముందుగా ఎగిరిపోయింది దేవకృప ఇంటి రేకే.

ఆమె మహమూదా గడప మీంచి కదల్లేదు.