తాడు ముందు కొస

"ఎవరక్కడ? తాడు వదులు ముందు!"

సుబేదార్ హయాత్ సింగ్ అరుపుకి ముసలాయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు.

అది మామూలు తాడు కాదు. యుద్ధం గెలిపించిన కల్నల్ సాబ్ ఇవాళ పటాలం వదిలి వెళ్తున్నాడు. ఇంజను ఆపేసిన జీపుకి తాడు కట్టి, జవాన్లే గేటు దాకా లాగి సాగనంపడం వాళ్ళ ఆనవాయితీ. తెల్లారేసరికి హయాత్ ఆ తాడుకి ఎర్రటి బురాంశ్ పూలు చుట్టించాడు. ఎక్కడా మాట రాకూడదని అతని ఆరాటం.

కల్నల్ ఒక్కటే చెప్పాడు. "ముందు కొస ఎవరికీ ఇవ్వకు. ఒకాయన వస్తాడు."

జనరల్ గారే వస్తున్నారని హయాత్ తేల్చేసుకున్నాడు. పొద్దుట్నుంచీ గేటు దగ్గర నిలబడి కారు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే, బస్సు దిగి వచ్చింది ఈ రబ్బరు బూట్ల తాత.

"ఏం తాతా, పూలు బాగున్నాయని పీక్కెళ్దామనా?"

"లేదు సాబ్. తమరేనా హయాత్ సింగ్?"

"నేనే. ఏం పని?"

"తొడ గాయం మానిందా సాబ్?"

హయాత్‌కి ఒళ్ళు మండింది. యుద్ధంలో తగిలిన ఆ గాయం గురించి టీ కొట్లో ఎవడో వాగి ఉంటాడు. అది పట్టుకుని కాకా పట్టడానికి వచ్చాడు.

"అసలు సంగతి చెప్పు. కొడుకుని పటాలంలో చేర్చాలా?"

"చేర్చాను సాబ్."

"మరింకేం? వాడికి సెలవు కావాలా?"

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"సెలవు అక్కర్లేదు సాబ్," అని కోటు జేబులోంచి నలిగిన కాయితం తీశాడు. "కల్నల్ సాబ్ రాసిన..."

"ఇవాళ అందరి చేతుల్లోనూ కాయితాలే! రేపు రా. పెద్దవాళ్ళొచ్చే వేళ. అడ్డం లే."

ముసలాయన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చిన్న గుడ్డమూట తీసి హయాత్ చేతిలో పెట్టాడు.

"మా చెట్టు అక్రోట్లు. తమరికే తెచ్చా. కళ్ళారా చూశాను, చాలు."

కొండ దిగే బస్సు హారన్ కొట్టింది. ముసలాయన అటు నడిచాడు. పీడా వదిలిందనుకున్నాడు హయాత్.

పదకొండింటికి కల్నల్ జవాన్ల ముందు నిలబడ్డాడు.

"బిడ్డలారా, గెలిచామన్నారు. పతకం తెచ్చి నా గుండెల మీద పెట్టారు. మనలో ముప్ఫై ఇద్దర్ని అక్కడ పోగొట్టి, నేను మాత్రం ఇంటికి పోతున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఆ ముప్ఫై ఇద్దరిలో ఒకడి తండ్రిని రమ్మని రాశాను. ముందు కొస ఆయన పట్టుకుంటేనే నేను ఈ గేటు దాటగలను."

జీపెక్కబోతూ చుట్టూ చూశాడు.

"హయాత్, ఆయనేడీ?"

హయాత్ తాడు వైపు చూశాడు. ముందు కొస నేల మీదే పడి ఉంది.

"రబ్బరు బూట్లాయనా సాబ్?" అన్నాడు చివరికి. "నేనే... వెళ్ళగొట్టాను."

వందల మంది చూస్తున్నారు. సిగ్గుతో అతని తల వాలిపోయింది.

కల్నల్ తిట్టలేదు. "ఏమైనా అన్నాడా?" అని మాత్రం అడిగాడు.

"నా తొడ గాయం మానిందా అన్నాడు సాబ్. చూశాను, చాలన్నాడు."

కల్నల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నిన్ను చూడ్డానికే వస్తానని రాశాడు, హయాత్. తూటాల వానలో నిన్ను వీపున మోసుకొచ్చి, కందకంలో దించి, అక్కడే ఒరిగిపోయిన మన ఖీమ్ సింగ్ వాళ్ళ నాన్న ఆయన."