కంప్యూటర్ మీద గుడ్డ

"కంప్యూటర్ మీద గుడ్డ మళ్ళీ తీసేసేరేంటండీ?" కసురుకుంది లక్ష్మీదుర్గ.

"నేను ముట్టుకోలేదే! రేపు అమ్మేసేదానికి అంత ముస్తాబెందుకు?" అన్నాడు ఆమె భర్త ప్రసాద్. హైదరాబాదులో ఉద్యోగం ఖాయమయ్యాక, రెండేళ్లుగా సొంతంగా రాసుకుంటున్న తెలుగు టైపింగు ప్రోగ్రామును వదిలేశాడు. 'క్ష' అక్షరం ఎంతకీ తెర మీద కుదరలేదు.

ఆ రాత్రి వాళ్ళుంటున్న రాజోలంతా కరెంటు పోయింది. ముందుగదిలో టకటకమని కీబోర్డు చప్పుడు. నిద్రమత్తులో, మళ్ళీ మొదలుపెట్టాడని సంబరంగా లేచిన లక్ష్మీదుర్గకు పక్కనే అతని గురక వినిపించింది. గడప దాకా వెళ్ళేసరికి చప్పుడు ఆగింది. చీకట్లో తడిమితే కీబోర్డు వెచ్చగా ఉంది.

పొద్దున కరెంటు వచ్చాక, అమ్మేముందు ప్రసాద్ ఆఖరిసారి ప్రోగ్రాము తెరిచాడు. 'క్ష' చక్కగా కుదిరి ఉంది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆమె చెప్పింది. "కంప్యూటర్ అమ్మట్లేదండి. ఈ రాత్రి గుడ్డ కూడా కప్పను."

"ఆయ్," అన్నాడతను, ముందుగది వైపు చూడకుండా.